రాతి వెనుక కథ: చేతివృత్తుల వ్యాపార వీడియోలకు దుర్గి శిల్పం చూపే దారి

దుర్గి (పల్నాడు జిల్లా): చేతితో తయారైన వస్తువును కొనేవారు నేడు దానిని మొదట చూసేది దుకాణంలో కాదు, అరచేతిలోని సెల్‌ఫోన్ తెరపైన. రోజుల తరబడి ఉలితో చెక్కిన రాతి విగ్రహం, అచ్చులో పోసి గంటల్లో తీసిన బొమ్మ ఆ చిన్న తెరపై పక్కపక్కన నిలిచినప్పుడు రెంటి మధ్య భేదం కంటికి ఆనదు. స్పష్టంగా కనిపించే భేదం ధర ఒక్కటే. ఈ పోటీలో శిల్పి వెనుకబడితే అందుకు కారణం పనితనంలో లోపం కాదు, ఆ పనితనం కొనుగోలుదారు దృష్టికి రాకపోవడమే. కనిపించని శ్రమను కనిపించేలా చేయగల సాధనాల్లో వీడియో ముఖ్యమైనది. అయితే వీడియో ఉన్నంత మాత్రాన సరిపోదు. అందులో కథ ఉండాలి. ఆ కథ నిజమై ఉండాలి.

చేతివృత్తుల ఉత్పత్తుల ప్రచారానికి లఘు వీడియోలు రూపొందించే అధికారులు, సహకార సంఘాలు, స్వయం సహాయక బృందాలతో పాటు వాటిపై వార్తా కథనాలు అందించే పాత్రికేయులకు సైతం ఈ అంశంపై అవగాహన అవసరం. ఇందుకు పల్నాడు ప్రాంతంలోని దుర్గి శిల్పకళ చక్కని ఉదాహరణగా నిలుస్తుంది.

భౌగోళిక గుర్తింపు పొందిన కళ

మాచర్లకు సమీపంలోని దుర్గి ఒక మండల కేంద్రం. పూర్వం గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. ఇక్కడి శిల్పులు మెత్తని రాతిపై దేవతా విగ్రహాలను, అలంకార శిల్పాలను చెక్కుతారు. దుర్గి రాతి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలు, ఏటికొప్పాక బొమ్మలు కూడా అదే సంవత్సరంలో ఈ గుర్తింపును పొందాయి.

భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో ఆమోదం పొంది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. ఒక వస్తువు నాణ్యతకు లేదా ఖ్యాతికి, అది పుట్టిన ప్రాంతానికి విడదీయరాని సంబంధం ఉన్నప్పుడే ఈ గుర్తింపు లభిస్తుంది. మరో మాటలో చెప్పాలంటే, ఈ నేల, ఈ రాయి, ఈ చేతులు కలిస్తేనే ఈ వస్తువు అని చట్టం అంగీకరించినట్లు. కథకు కావలసిన ముడిసరుకు అంతా ఈ ఒక్క అంగీకారంలోనే ఉన్నది. అయితే ఆ ముద్ర అర్థం తెలియని కొనుగోలుదారుకు అది పెట్టెపై అతికించిన మరో చీటీ మాత్రమే. చట్టం ఇచ్చిన గుర్తింపును ప్రజల మనసులో గుర్తింపుగా మార్చడమే ప్రచార వీడియో చేయవలసిన పని.

వివరణ వేరు, కథ వేరు

సాధారణంగా ప్రచార వీడియోలు ఒకే మూసలో సాగుతుంటాయి. సంస్థ పేరు, స్థాపించిన సంవత్సరం, పొందిన పురస్కారాలు, వరుసగా వస్తువుల దృశ్యాలు, నేపథ్యంలో సంగీతం, చివర చిరునామా. వీటిలో సమాచారానికి కొదవ లేదు. కొదవ ఉన్నది ఉత్కంఠకు. తర్వాత ఏమి జరుగుతుందో తెలుసుకోవాలనే కోరిక చూపరికి కలగదు కనుక కొద్ది క్షణాల్లోనే తెర మారిపోతుంది.

కథకు మూడు అంగాలు తప్పనిసరి. మొదటిది, ఏదో ఒకటి సాధించదలచిన మనిషి. రెండవది, ఆ సాధనకు ఎదురయ్యే అడ్డంకి. మూడవది, ఆ అడ్డంకిని ఎదుర్కొన్న తర్వాత వచ్చే మార్పు. "మా విగ్రహాలు నాణ్యమైనవి" అనే వాక్యంలో ఈ మూడూ లేవు. "ఈ వేలు చెక్కేటప్పుడు ఉలి ఒక్క వెంట్రుకవాసి జారితే పది రోజుల పని పోతుంది" అనే వాక్యంలో మూడూ ఉన్నాయి. మొదటి వాక్యాన్ని చూపరి నమ్మాలి. రెండవదానిని తానే చూడగలడు. వ్యాపార వీడియో విజయరహస్యం ఈ తేడాలోనే ఉన్నది.

పల్నాటి కథన సంప్రదాయం

కథ చెప్పే విద్యను ఈ ప్రాంతం బయటి నుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. శ్రీనాథుని పేర వెలసిన 'పల్నాటి వీరచరిత్ర'తో అది కావ్యరూపం దాల్చింది. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవాలు నేటికీ ఆ కథాక్రమాన్నే అనుసరిస్తున్నాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులూ ఐదు ఘట్టాలుగా సాగుతాయి.

ఈ సంప్రదాయంలో వీడియో రూపకర్తలు గమనించదగిన అంశాలు రెండున్నాయి. రాజ్యాధికారం, దాయాదుల వైరం, మతపరమైన విభేదాలు వంటి పెద్ద కారణాలు ఎన్ని ఉన్నా, సామాన్యుని నోట పల్నాటి కథ అనగానే వచ్చేది కోడిపందెం. బ్రహ్మనాయుడు, నాగమ్మల మధ్య పందెం, ఓడిన పక్షానికి ఏడేళ్ల వనవాసం. ఒక మహాయుద్ధాన్ని జనం ఒక చిన్న సంఘటన ద్వారా జ్ఞాపకం పెట్టుకున్నారు. ఆ విధంగానే ఒక కళ మొత్తాన్ని చెప్పదలచిన వీడియో కూడా ఒక విగ్రహంతో, ఒక రోజుతో, ఒక చేతితో మొదలు కావాలి.

రెండవ అంశం ఘట్టాల విభజన. ఒక్కో రోజుకు ఒక్కో పేరు, ఒక్కో పని ఉన్నవి. రాయబారం నాడు యుద్ధం జరగదు. అదేవిధంగా వీడియోలోని ఒక్కో దృశ్యం ఒక్క విషయాన్నే చెప్పాలి. శిల్పి కుటుంబ నేపథ్యం, రాయి స్వభావం, ధర, పథకం, పురస్కారం అన్నీ ఒకే దృశ్యంలో కుక్కితే ఏదీ మనసున నిలవదు.

రాతిపై చెప్పిన కథలు

దుర్గి శిల్పులకు మరో గొప్ప వారసత్వం చేరువలోనే ఉన్నది. పల్నాటి సున్నపురాయి అమరావతి స్తూప శిల్పాలకు ఆధారమైనది. మాచర్లకు సమీపంలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో, ఇదే జాతి రాతిపై బౌద్ధ గాథలను చెక్కారు. నాగార్జునసాగర్ జలాశయంలో ఈ లోయ మునిగిపోనున్న నేపథ్యంలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, వెలికి తీసిన శిల్పాలను కొండపైకి తరలించి భద్రపరిచారు. ఇప్పుడు ఆ కొండ జలాశయం మధ్య ద్వీపంగా మిగిలి ఉన్నది.

అక్షరం రాని యాత్రికునికి సైతం అర్థమయ్యేలా కథ చెప్పడం ఆనాటి శిల్పుల లక్ష్యం. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్ప ఫలకం ఒకటి ఇందుకు నిదర్శనం. నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం ఒక్క వృత్తంలో ఇమిడి ఉన్నది. ఒక వైపు ఏనుగు వీధిలో బీభత్సం సృష్టిస్తుంటే జనం భయంతో చెదిరిపోతుంటారు, మేడలపై నుంచి స్త్రీలు ఆందోళనతో చూస్తుంటారు. మరో వైపు అదే ఏనుగు బుద్ధుని ఎదుట మోకరిల్లి ఉంటుంది. ఏనుగు రెండుసార్లు కనిపించడం పొరపాటు కాదు, మార్పును చూపే ఉపాయం. ముందటి స్థితి, తర్వాతి స్థితి పక్కపక్కన ఉన్నందువల్ల మధ్యలో జరిగినదేమిటో చూపరి గ్రహిస్తాడు. ప్రచార వీడియోలో మొరటు రాతి దృశ్యాన్ని, పూర్తయిన ప్రతిమ దృశ్యాన్ని ఒకే కోణం నుంచి, ఒకే వెలుగులో చిత్రీకరించి చూపితే కలిగే ఫలితం ఇదే.

నాగార్జునకొండ శిల్ప పట్టికల్లో కథా దృశ్యాల నడుమ స్త్రీ పురుష యుగళాలను చెక్కారు. ఒక ఘట్టం ముగిసి మరొకటి ఆరంభమవుతున్నదని కంటికి తెలిపే విరామ చిహ్నాలవి. వీడియో కూర్పులో కూడా ఇటువంటి విరామం అవసరం. ఉలి చప్పుడు ఆగిన ఒక్క క్షణం నిశ్శబ్దం ఆ పనిని సమర్థంగా నెరవేర్చగలదు.

రెండు చలనచిత్రాల అనుభవం

ఒక ఉత్పత్తికి, దాని వెనుకనున్న ఉద్యమానికి కథ ఎంతటి బలాన్ని ఇస్తుందో తెలిపే ప్రముఖ ఉదాహరణ 'మంథన్'. హైదరాబాద్‌లోని తిరుమలగిరిలో 1934లో జన్మించిన శ్రీ శ్యామ్ బెనెగల్ ఈ చిత్రాన్ని 1976లో రూపొందించారు. కథాచిత్రాలకు ముందు ఆయన వాణిజ్య ప్రకటనల రంగంలో పనిచేసినవారు. గుజరాత్ పాల సహకార సంఘాలకు చెందిన 5 లక్షల మంది రైతులు తలా రూ.2 చొప్పున ఇచ్చిన సొమ్ముతో 'మంథన్' తయారైనది. అటుపై సహకార సందేశాన్ని వ్యాప్తి చేసేందుకు గ్రామాల్లోనూ దీనిని ప్రదర్శించారు. దాదాపు 5 దశాబ్దాల అనంతరం 2024లో పునరుద్ధరించిన ప్రతిని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించడం గమనార్హం. శ్రీ బెనెగల్ అదే ఏడాది డిసెంబరు 23న కన్నుమూశారు.

ఈ చిత్రంలో పాల నాణ్యత గురించి ఉపన్యాసాలు లేవు. ఒక ఊరు, అందులోని కుల విభేదాలు, పాల వ్యాపారి పెత్తనం, సంఘం పెట్టాలని వచ్చిన పశువైద్యుడు, అతనిని అనుమానంగా చూసే గ్రామస్తులు, ఇదే కథ. చివరకు ఆ అధికారి ఊరు విడిచి వెళ్లిపోతాడు. సంఘాన్ని ముందుకు నడిపేది గ్రామస్తులే. ప్రభుత్వ శాఖలు, సంస్థలు తీసే వీడియోలకు ఇది అమూల్యమైన పాఠం. కథానాయకుడు శాఖ కాదు, పథకం కాదు, వేదికపై జ్యోతి వెలిగించే ప్రముఖుడూ కాదు. పనిచేసే మనిషే కథానాయకుడు. సంస్థ అతనికి చేయూతనిచ్చే పాత్రగా కనిపించినప్పుడే దానిపై కూడా ప్రజలకు విశ్వాసం కలుగుతుంది.

అదే దర్శకుడు 1987లో పోచంపల్లి నేత కార్మికుల జీవితం ఆధారంగా 'సుస్మన్' చిత్రాన్ని నిర్మించారు. చీర అందాన్ని కాక, యంత్రాల పోటీలో దానిని నేసే మనిషి స్థితిని చిత్రానికి కేంద్రంగా చేసుకోవడం ఇందులో విశేషం. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది 2005లో. ముద్ర రావడానికి ఎన్నో ఏళ్ల ముందే కథ వచ్చినదన్నమాట.

మూడు నిమిషాల నమూనా

ఈ సూత్రాలను దుర్గి శిల్పానికి అన్వయిస్తే వీడియో ఎలా ఉండవచ్చునో పరిశీలించవచ్చు. ఒక శిల్పి వేణుగోపాలుని విగ్రహాన్ని చెక్కుతున్నాడని అనుకుందాం. ఈ విగ్రహంలో అతి సున్నితమైన భాగం వేణువు. సన్నగా, పొడవుగా, దేహానికి దూరంగా నిలవాలి. రాతిలో కనిపించని చీలిక ఉన్నా, దెబ్బ కాస్త బలంగా పడినా అది విరిగిపోతుంది. విరిగిన వేణువును అతికించి అమ్మడానికి శిల్పి మనసొప్పదు. కనుక మొత్తం వీడియోకు ఒకటే ప్రశ్న: వేణువు నిలుస్తుందా?

మొదటి పది సెకన్లు: చెక్కని రాయి, దానిపై గీసిన గీత, వేణువు రావలసిన చోట ఆగిన శిల్పి వేలు. సంస్థ పేరు గాని, స్వాగత వచనం గాని ఇక్కడ అవసరం లేదు. ఏది పోగొట్టుకునే ప్రమాదమున్నదో శిల్పి తన మాటల్లోనే చెప్పాలి.

తర్వాతి నిమిషం: రాయి ఎంపిక. సుత్తితో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి రాయి గట్టిదా, లోపల చీలిక ఉన్నదా అని తెలుసుకోవడం. మొరటు భాగాలను తొలగించడం, ఆకృతి తేలడం. ఈ నేల ప్రస్తావన, దుర్గి పేరు సహజంగా ఇక్కడే వస్తాయి.

మూడవ ఘట్టం, మరో నిమిషం: వేణువు పని. సున్నితమైన భాగానికి, దేహానికి మధ్యనున్న రాతిని చివరి వరకు ఆధారంగా ఉంచి, ఆఖరున కొద్దికొద్దిగా తొలగించడం శిల్పులు పాటించే పద్ధతి. ఇక్కడ మాటలు ఉండరాదు. ఉలి చప్పుడు మాత్రమే వినిపించాలి.

చివరి ఘట్టం: ఆధారం తొలగిన తర్వాత నిలిచిన వేణువు. నునుపు చేసిన విగ్రహం. ఆపై దానిని కొన్నవారి ఇంట లేదా ఆలయంలో అది కొలువైన దృశ్యం. దీని తర్వాతనే ధర, కొనుగోలు చేయవలసిన చోటు, భౌగోళిక గుర్తింపు చిహ్నం కనిపించాలి. అప్పటికి ధర ఎందుకంత అనే ప్రశ్నకు చూపరికి సమాధానం దొరికి ఉంటుంది.

చిత్రీకరణలో మెలకువలు

ఇటువంటి వీడియోకు భారీ పరికరాలు అవసరం లేదు. మంచి సెల్‌ఫోన్, దానిని కదలకుండా నిలిపే స్టాండు, శిల్పి చొక్కాకు తగిలించే చిన్న మైకు చాలు. రాతిపై గీతలు, లోతులు స్పష్టంగా కనిపించాలంటే వెలుగు ఎదురుగా కాక పక్క నుంచి పడాలి. ఉదయం, సాయంత్రపు ఏటవాలు ఎండ ఇందుకు అనుకూలం. మిట్టమధ్యాహ్నపు ఎండలో చెక్కడం పని చదునుగా కనిపిస్తుంది. శబ్దం లేకుండా చూసేవారి కోసం మాటలను తెరపై తెలుగులోను, ఇతర రాష్ట్రాల కొనుగోలుదారుల కోసం హిందీ, ఇంగ్లీషు భాషల్లోను ఇవ్వాలి. నిలువు తెరకు, అడ్డ తెరకు వేరువేరుగా చిత్రీకరించుకుంటే తర్వాత దృశ్యాన్ని కత్తిరించవలసిన ఇబ్బంది ఉండదు.

శిల్పికి ముందే రాసిన సంభాషణ ఇచ్చి చదివించడం వలన కృత్రిమత్వం చోటు చేసుకుంటుంది. ప్రశ్న అడిగి, ఆయన పలుకుబడిలోనే సమాధానం చెప్పనివ్వాలి. పల్నాటి యాస లోపం కాదు. అది కూడా ఈ నేలకు సాక్ష్యమే. రాతి ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక ముఖానికి మాస్కు ధరించి పనిచేసే శిల్పిని చిత్రం కోసం దానిని తీసివేయమనడం తగదు. చిత్రీకరణకు వెచ్చించిన సమయం ఆయనకు కూలి పోయిన సమయమని గుర్తించి తగిన పరిహారం ఇవ్వాలి. వీడియోను ఎక్కడ, ఎంతకాలం వాడుకోనున్నారో తెలిపి, అంగీకారం తీసుకోవడం కూడా అవసరం.

కథకు హద్దు సత్యమే

కథ ఆకర్షణీయంగా ఉండాలనే తాపత్రయంలో వాస్తవాన్ని దాటే ప్రమాదం ఉన్నది. నేడు అనేక శిల్పశాలల్లో రాతిని కోయడానికి, మొరటు పనికి విద్యుత్ యంత్రాలను వాడుతున్నారు. అందులో దాచవలసినది ఏదీ లేదు. యంత్రంతో కోసి, చేతితో రూపు దిద్దిన పనిని ఆవిధంగానే చూపాలి. యంత్రాన్ని తెర చాటున ఉంచి "పూర్తిగా చేతితో చేసినది" అని ప్రకటిస్తే అది కథ కాదు, తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది.

వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద ఏర్పాటైన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థకు ఇటువంటి ప్రకటనలపై చర్య తీసుకునే అధికారం ఉన్నది. తొలిసారి రూ.10 లక్షల వరకు, పునరావృతమైతే రూ.50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో ప్రత్యేక మార్గదర్శకాలు కూడా వెలువడినవి. అదేవిధంగా భౌగోళిక గుర్తింపు పేరును వ్యాపారంలో వాడుకోవాలంటే ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా నమోదు కావడం మంచిది. గుర్తింపు సంఘం పేరిట ఉన్నంత మాత్రాన ప్రతి శిల్పికీ ఆ హక్కులన్నీ దానంతటవే సంక్రమించవు. ఈ నమోదును పూర్తిచేసుకున్న తర్వాతనే వీడియోలో చిహ్నాన్ని చూపడం ఉచితం. నేపథ్యంలో సినిమా పాటలను అనుమతి లేకుండా వాడటం కాపీరైటు చట్టరీత్యా చెల్లదు. ఉలి చప్పుడుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

సత్యం పాటించడం వ్యాపార దృష్టితో చూసినా లాభదాయకమే. విగ్రహాన్ని అందుకున్న కొనుగోలుదారు వీడియోలో చూసినదానికి, చేతికి వచ్చినదానికి తేడా గమనిస్తే ఆ అపనమ్మకం ఒక్క శిల్పితో ఆగదు. దుర్గి పేరుతో పనిచేసే వారందరిపైనా పడుతుంది. భౌగోళిక గుర్తింపు అనేది ఉమ్మడి ఆస్తి. ఒకరి అతిశయోక్తికి మూల్యం అందరూ చెల్లించవలసి వస్తుంది.

శాఖలు, పాత్రికేయుల పాత్ర

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తులలో శిల్పులు, రాతి చెక్కడం పనివారు కూడా ఉన్నారు. శిక్షణ, పనిముట్లకు రూ.15 వేల ప్రోత్సాహకం, రుణ సదుపాయాలతో పాటు మార్కెటింగ్ తోడ్పాటు కూడా ఈ పథకంలో భాగం. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ 'లేపాక్షి' విక్రయశాలల ద్వారా రాష్ట్ర హస్తకళా ఉత్పత్తులను అందుబాటులో ఉంచుతోంది. విక్రయశాలలో విగ్రహం పక్కనే దానిని చెక్కిన శిల్పి వీడియోకు దారితీసే క్యూఆర్ కోడ్‌ను ఉంచినట్లయితే ధర చీటీ చెప్పలేని విషయాన్ని అది చెప్పగలుగుతుంది.

పాత్రికేయులు కూడా పురస్కారాలు, ప్రదర్శనల వార్తలకే పరిమితం కాక ఒక విగ్రహం పుట్టుకను ఆద్యంతం వెన్నంటి రాసినప్పుడు కళకు మేలు జరుగుతుంది. రాయి ఎక్కడి నుంచి వస్తున్నది, దాని ఖర్చెంత, ఎన్ని రోజుల పని, చేతికి మిగిలేదెంత అనే ప్రశ్నలకు సమాధానాలు కథకు వన్నె తెస్తాయి, విధాన నిర్ణయాలకు ఆధారమూ అవుతాయి.

కోడిపందెం పల్నాటి చరిత్రను జనం నోట నిలిపినది. ఏనుగు మోకరిల్లిన దృశ్యం ఎన్నో శతాబ్దాల తర్వాత కూడా చూపరిని ఆపుతున్నది. చెప్పవలసిన దానిని ఒక సంఘటనలో, ఒక మనిషిలో చూపడమే ఆ రెంటి బలం. దుర్గి శిల్పి చేతిలో వేణువు విరగకుండా నిలిచే ఆ ఒక్క క్షణాన్ని, ఉన్నది ఉన్నట్లుగా, కొనుగోలుదారు కళ్లెదుట నిలపగలిగితే ఆ శిల్పానికి, ఆ శ్రమకు తగిన విలువ లభించేందుకు మార్గం సుగమమవుతుంది.